శబ్దము పెంచిన కొలదియు చెవికి కర్కశమగుట యేల?

మన యిండ్లలోని స్టీరియో పెట్టె తగ్గుస్థాయిలో పాడునంతసేపు ఇంపుగా నుండి, మీట కొంచెము త్రిప్పగనే గొంతు బొంగురుపోయి చెవులను గీరినట్లు ధ్వనించుట పలువురకు అనుభవములోనిదే. ఘంటసాలవారి పద్యమైనను సరే, నాగస్వరమైనను సరే, ఒక హద్దు దాటినంతనే రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి యాడించినట్లగును. అప్పుడు కొందరు పెట్టె పాతదైనదని తలచి అంగడికి పోయి అంతకంటె పెద్దదానిని వాయిదాల మీద కొని తెత్తురు. మరికొందరు ఆ కర్కశత్వమునకే అలవాటుపడి అట్లే వినుచుందురు. మొదటిదాని వలన డబ్బునకు, రెండవదాని వలన చెవికి నష్టము. దోషము ఎచ్చట పుట్టుచున్నదో ఇంటనే పరిశీలించి తెలిసికొనుటకు వీలున్నది. ఆ విధమును ఇందు వివరింపదలచితిమి.

తెలుగు పాఠము చెప్పువారికి ఈ చర్చ యేల యని అడుగువారుందురు. మన హోసూరు ప్రాంతమున బాలబాలికలకు వీధిలో తమిళము, సంతలో కన్నడము వినబడుచుండును. మంచి తెలుగు వారి చెవిని బడుటకు ఇల్లు, బడి, పాటల పెట్టె అను మూడే దారులు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు నాల్గింటికిని ఒక్కటే అక్షరము. అందుచే ఆ లిపిని దినమెల్ల చూచు మన పిల్లలు ఈ భేదములను కంటితోగాక చెవితోనే పట్టుకొనవలసియున్నది. సకలమునకును శకలమునకును, కరమునకును ఖరమునకును ఉన్న తేడా చాల సన్ననిది. అచ్చులలో బలము మెండు. అవి యెంత చెడిన యంత్రములోనైనను గుర్తు చిక్కును. స, శ, ష లును, ఖకారాదులలోని ఊపిరియు అట్లు కావు. సకారము యొక్క బలమంతయు సెకనుకు 4000 కంపనములకు పైబడిన భాగమున నుండును. శ, ష లది అంతకు కొంచెము దిగువ. యంత్రము కర్కశమైనప్పుడు పుట్టు చెత్తశబ్దము సరిగా ఈ తావునకే వచ్చి చేరి, ఈ సన్నని భేదమును మ్రింగివేయును.

ఇట్లు చేరుటకు కారణమేమో చూతము. ధ్వని తరంగరూపమున పయనించునని మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. తరంగమునకు శృంగములు, ద్రోణులు కలవు. శబ్దము పెరుగుటయనగా శృంగము మరింత ఎత్తగుట, ద్రోణి మరింత లోతగుట. ఆంప్లిఫయరను భాగము టేపు నుండియో ఫోను నుండియో వచ్చిన చిన్న తరంగమును పెద్దది చేసి స్పీకరునకు అందించును. అయితే దానికి లోపల నున్న విద్యుత్తు ఎన్ని వోల్టులో అంతవరకే అది తరంగమును పెంచగలదు. తక్కువ ఎత్తు దూలమునకు ఉయ్యాల కట్టి బలముగా ఊపినచో తల దూలమునకు తగులునుగదా! అట్లే శృంగము ఆ హద్దును తాకి, పైభాగము కత్తితో కోసినట్లు చదునైపోవును. ద్రోణికిని అదే గతి. దీనిని వృత్తిలోనివారు క్లిప్పింగు అందురు. శృంగచ్ఛేదమని మనము పిలువవచ్చును.

కోసినంత మాత్రమున శబ్దము తగ్గవలెను గాని కర్కశమగుట యెట్లు? ఇదియే గ్రహింపదగిన విషయము. నున్నని తరంగము ఒకే పౌనఃపున్యము కలది. మూలలు తేరిన తరంగము అట్టిది కాదు. దానియందు మూలస్వరమునకు మూడు, ఐదు, ఏడు రెట్ల పౌనఃపున్యములు కొత్తగా చేరును. గాయకుడు 1000 కంపనముల స్వరమును పాడగా పెట్టె 3000, 5000, 7000 కంపనములను కూడ కలిపి వినిపించును. ఇవి గాయకుడు పాడినవి కావు. అదియునుగాక, మన చెవి 2000 మొదలు 5000 కంపనముల నడుమ మిక్కిలి చురుకైనది. కావుననే కొంచెము కలిసినను అంతగా గీరును.

అంతకంటె చెరుపు మరియొకటి కలదు. రెండు స్వరములు ఒకేసారి వచ్చినప్పుడు, చెడిన యంత్రము ఆ రెండింటి కలయికచే రెండింటికిని చెందని స్వరములను పుట్టించును. 1000, 1100 కంపనములు కలసి వచ్చినచో 900, 1200 వంటివి లేచును. ఇవి శ్రుతికి పొసగవు. ఒంటి వేణువు శుభ్రముగా వినబడి, అదే మీట వద్ద బృందగానము గజిబిజియైనచో ఈ దోషమున్నదని చాలవరకు నమ్మవచ్చును. ఈ ఒక్క పరీక్షయే అనేక సందేహములను తీర్చును.

ఇక "మా పెట్టె వేయి వాట్టులది, దానికి బలము చాలదనుట యెట్లు?" అను ప్రశ్న తప్పక వచ్చును. అంగడి పెట్టెల మీద పి.ఎం.పి.ఓ. అను పేరుతో వేలకొలది వాట్టులు ముద్రింతురు. ఆ లెక్కకు అందరును ఒప్పుకొనిన కొలమానము ఏదియు లేదు. పెట్టె వెనుక అతికించిన చీటీని చూడుడు. అది విద్యుత్తు తీగ నుండి 40 వాట్టులు మాత్రమే తీసికొనునని అందుండినచో, నిలుకడగా వేయి వాట్టుల శబ్దమును అది ఎక్కడి నుండి తెచ్చును? ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన సంఖ్యనే లెక్కకు తీసికొనవలెను. ముద్రించిన పెద్ద సంఖ్యను చూచి పెట్టె కొనుట, సంచి మీది బొమ్మను చూచి విత్తనములు కొనుట వంటిదే.

శబ్దమునకును వాట్టులకును గల లెక్క సామాన్య బుద్ధికి తోచునట్టిది కాదు. వాట్టులు రెండింతలైనచో శబ్దము 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగును. చెవికి అది స్వల్పమైన తేడా. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు 10 డెసిబెళ్లు పెరగవలెను, అనగా పదిరెట్ల వాట్టులు కావలెను. ఇండ్లలోని స్పీకరు ఒక వాట్టునకు ఒక మీటరు దూరమున 88 డెసిబెళ్లు ఇచ్చుననుకొందము. పది వాట్టులకు 98, నూరు వాట్టులకు 108. సంగీతమున మృదంగపు దెబ్బ వంటివి సగటు శబ్దము కంటె 10 మొదలు 20 డెసిబెళ్ల వరకు పైకి లేచును. సగటున ఒక్క వాట్టుతో పాట వినుచుండగా, ఆ దెబ్బలకు పది నుండి నూరు వాట్టులు కావలసివచ్చునన్నమాట. 20 వాట్టుల యంత్రము సగటు పాటకు బ్రహ్మాండముగా చాలియుండియు దెబ్బ దెబ్బకు శృంగములు తెగుచుండుట ఇందుచేతనే. గాయకుని గొంతు తిన్నగా సాగుచు, ప్రతి దరువు వద్దను గరగరమనుట దీని గుర్తు.

మంద్రపు మీటను, అనగా బాస్ అని వ్రాసియున్న దానిని, పైకి త్రిప్పుటయు ఇటువంటిదే. ఆ మీటతో 10 డెసిబెళ్లు పెంచినచో ఆ భాగమునకు పదిరెట్ల వాట్టులు ఖర్చగును. మిగిలినవానికి మిగులునది శూన్యము. కావున మొట్టమొదట చేయదగిన పరీక్ష యిది: కర్కశమగుచున్న స్థాయియందే ఉంచి, మంద్రపు మీటను పూర్తిగా దించుడు. గాయకుని గొంతు వెంటనే శుభ్రపడినచో దోషము బలహీనతయందున్నదని తేలును. శుభ్రపడనిచో తారపు మీటను, అనగా ట్రెబుల్‌ను దించి చూడుడు. అప్పుడు మాత్రమే శాంతించినచో ముద్రణము నందో, చిన్న స్పీకరునందో, గదియందో దోషమును వెదకవలెను. ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి వినవలెను. నాలుగు మీటలు ఒకేసారి త్రిప్పినవారికి ఏదియు తెలియదు.

మీట సగము వరకే త్రిప్పితిమి, ఇంకను సగము బలము మిగిలియున్నదని కొందరు నమ్మెదరు. ఇది పెద్ద భ్రమ. ఆ మీట వచ్చిన తరంగమును ఎంత లోపలికి విడువవలెనో నిర్ణయించునే గాని, మిగిలిన బలమును చూపునది కాదు. సి.డి. యంత్రము సుమారు 2 వోల్టులిచ్చును. పాత ఆంప్లిఫయర్లకు అందులో నాలుగవవంతో, ఇంకను తక్కువయో చాలును. అట్టి సందర్భమున మీట చివరి వరకు తిరుగక చాల మునుపే బలమంతయు అయిపోవును. ఫోనును తగిలించువారు మరియొకటి చూడవలెను. ఫోనులోని ఈక్వలైజరు అలంకారములన్నిటిని ఆపి, దాని శబ్దమును కొంచెము తగ్గించి, ఆ తగ్గినదానిని పెట్టె మీటతో పూరింపుడు. ఫోనులోనే తరంగము తెగి వచ్చినచో, ఎంత గొప్ప పెట్టెయైనను దానిని అతుకజాలదు.

పాట యొక్క ముద్రణమే చెడినదగుట నేడు మరీ తరచైనది. చేతులు మారి మారి, ప్రతిసారియు పిండబడి వచ్చిన పాటలు పలుచబడి గీరుకొనిపోయియుండును. 1990 తరువాత ముద్రింపబడిన అనేక సి.డి.లలో అన్నిటికంటె పెద్దగా వినిపింపవలెనను పోటీచే శృంగములను ముందే చదును చేసి యుంచిరి. పాత పాట ఇంపుగాను, దాని కొత్త ముద్రణము కరకుగాను ఉన్నచో పెట్టెను నిందింపరాదు. తగ్గుస్థాయిలోను అదే కరకుదనము సన్నగా వినబడుచున్నచో దోషము ముద్రణమునదే యని మొదట అనుమానింపవలెను. మీకు బాగుగా తెలిసిన, శుభ్రమైన ముద్రణము ఒకదానిని పరీక్షకై ప్రత్యేకముగా నుంచుకొనుడు.

ఒక ప్రక్క స్పీకరు మాత్రమే చెడుగా పలుకుచున్నచో నిర్ణయించుట చాల సులభము. విద్యుత్తును ఆపి, కుడియెడమ స్పీకర్ల తీగలను ఆంప్లిఫయరు వద్ద మార్చి తగిలింపుడు. కరకుదనము రెండవ స్పీకరునకు మారినచో దోషము ఆంప్లిఫయరునందో అంతకు ముందో ఉన్నది; మారక అక్కడనే యున్నచో ఆ స్పీకరునందే యున్నది. ఇంతటి నిశ్చయమైన తీర్పు పదివేల రూపాయల పనిముట్టు కూడ ఇయ్యజాలదు.

స్పీకరులోపల కాగితముతోనో అట్టివేరొక పదార్థముతోనో చేసిన శంకువు ముందునకును వెనుకకును కదలును. మంద్రస్వరములకు దాని కదలిక మిక్కుటము. అదే శబ్దమునకు పౌనఃపున్యము సగమైనచో కదలిక నాలుగింతలు కావలెను. హద్దు మీరినచో టపటప కొట్టుకొనును. శంకువు చుట్టునున్న మెత్తని అంచు ఎండకును ఏండ్లకును పొడిపొడియై చిరుగుట కలదు. విద్యుత్తును ఆపి, నాలుగు వ్రేళ్లను సమముగా ఆనించి శంకువును మెల్లగా లోనికి నొక్కి విడువుడు. లోపల గీరుచున్నట్లు తోచినచో తీగచుట్ట అయస్కాంతమునకు రాచుకొనుచున్నది. తారస్వరములను పలుకు చిన్న స్పీకరును, అనగా ట్వీటరును మాత్రము వ్రేలితో తాకరాదు. అది మిక్కిలి సుకుమారమైనది. శృంగములు తెగినప్పుడు పుట్టు అధిక స్వరములు దానికే పోయి దాని సన్నని తీగను కాల్చును. తక్కువ బలము గల ఆంప్లిఫయరును గొంతు చించునట్లు పాడించినవారి యింట ట్వీటర్లు మాడిపోవుటకు ఇదియొక కారణము.

తీగల సంగతి రెండు మాటలలో ముగింతుము. సడలిన తీగను బిగింపవలెను. ఒక పోగు ప్రక్కదానికి తగులకుండ చూడవలెను. ప్రక్క గదికి మరియొక స్పీకరును తగిలించువారు తెలిసికొనవలసినది యేమనగా, 8 ఓములవి రెండు సమాంతరముగా చేరినచో 4 ఓములే యగును. ఆంప్లిఫయరు రెండింతలు విద్యుత్తును మోయవలెను. అది 4 ఓములకు ఒప్పుకొనునో లేదో దాని వెనుక వ్రాసియుండును.

సాయంకాలము చెడుగాను, తెల్లవారుజామున బాగుగాను పాడు పెట్టెలు కలవు. ఇది దయ్యము పని కాదు. 230 వోల్టులు ఉండవలసినచోట దీపములు పెట్టువేళ 180 వోల్టులే యున్నచో, పాతపద్ధతి ట్రాన్స్‌ఫార్మరు గల ఆంప్లిఫయరు బలము వోల్టుల వర్గము ననుసరించి తగ్గును. లెక్కవేసినచో నూటికి 61 వంతులే మిగులును. ఆ వేళ శృంగములు త్వరగా తెగుటలో వింత యేమున్నది?

ఇంతవరకు యంత్రమును తప్పు పట్టితిమి. మా అనుభవమున సగము ఇండ్లలో నేరము గదిదే. మన కొత్త యిండ్లకు పలకరాళ్ల నేల, సిమెంటు గోడలు, సిమెంటు కప్పు. అందు శబ్దమును మ్రింగు వస్తువు ఒక్కటియు నుండదు. మంద్రస్వరములు కిటికీల గుండ తలుపుల గుండ కొంత పోవునుగాని, తారస్వరములు గోడ నుండి గోడకు బంతివలె ఎగురుచుండును. పాత పెంకుటిండ్లలో పేడ అలికిన నేల, వెదురుదబ్బలు, ధాన్యపు బస్తాలు ఉండి, ఎవరును కోరకయే ఈ పనిని చక్కగా నెరవేర్చుచుండెడివి. గది నడుమ నిలిచి ఒక్క చప్పట్లు కొట్టి వినుడు. ట్రింగుమని తోక సాగినచో గది దోషి యగును. మరియొక పరీక్ష: స్పీకరునకు రెండడుగుల దూరమున కూర్చుండి, అదే శబ్దము చెవిని బడునట్లు మీట తగ్గించి వినుడు. కర్కశత్వము పోకున్నచో గది నిర్దోషి.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు వాలస్ క్లెమెంట్ సబీన్. అచ్చటి ఫాగ్ మ్యూజియమునందలి ఉపన్యాసశాలలో మాట్లాడిన మాట అయిదున్నర సెకనుల వరకు గదియందే తిరుగాడుచు తరువాతి మాటలను చెరచుచుండెను. 1895లో దీనిని బాగుచేయు పని ఆయనకు అప్పగింపబడెను. ఆయన మరియొక నాటకశాల నుండి కుర్చీల మెత్తలను రాత్రిపూట మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరచినచో ఎంతసేపటికి శబ్దము అణగునో కొలిచి, తెల్లవారులోగా తిరిగి పంపుచుండెడివాడట. మనకు అంత శ్రమ అక్కరలేదు. స్పీకరునకు ఎదురుగోడను రెండు బొంతలు వ్రేలాడదీసి, నేలపై జమఖానా పరచి, అదే పాటను వినిన చాలును. పుస్తకములు నిండిన బీరువా కూడ మంచిదే. ఎత్తుపల్లములుగా నున్న పుస్తకములు శబ్దమును చెదరగొట్టును. స్పీకరును గోడమూలకు త్రోసి పెట్టరాదు. మూల మంద్రమును ఉబ్బించును.

మా యెరుకలోని ఒక యింట పంచమస్వరము వచ్చినప్పుడెల్ల పెట్టె జిర్రుమనుచున్నదని దానిని రెండుసార్లు మరమ్మతునకు పంపిరి. చివరకు ఆ యింటి అవ్వ లేచిపోయి అటక మీది స్టీలు చెంబు మీద చేయి ఉంచగా జిర్రు ఆగిపోయినది! ప్రతి వస్తువునకును తనదైన కంపనసంఖ్య కలదు. అదే స్వరము వినబడినప్పుడు అదియును పలుకును. అనునాదమను పాఠము ఇదియే. కిటికీ అద్దములు, గాజు బీరువా తలుపులు, గోడమీది పటములు అన్నిటిని ఒకసారి చేతితో అదిమి చూడుడు.

చివరకు చెవి సంగతి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు తగ్గుస్థాయిలో చెవికి మంద్రము తక్కువగా వినబడునని, శబ్దము పెరిగిన కొలదియు ఆ కొరత తీరునని కొలిచి చూపిరి. లౌడ్‌నెస్ అని వ్రాసిన మీట ఆ కొరతను పూరించుటకే యున్నది. రాత్రి మెల్లగా వినునప్పుడు నొక్కిన ఆ మీటను పగలు పెద్దగా పెట్టినప్పుడును అట్లే యుంచినచో మోతాదు మించును. శబ్దము మిక్కుటమైనప్పుడు చెవిలోని చిన్న కండరము బిగిసికొని తన్ను తాను కాపాడుకొన యత్నించును. అయినను దాని శక్తి కొంచెమే. 85 డెసిబెళ్లను దినమునకు ఎనిమిది గంటలు వినుట హద్దుగా చెప్పుదురు. ప్రతి 3 డెసిబెళ్లకును ఆ కాలము సగమగును: 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100కి పదునైదు నిమిషములు. హద్దు మీరినచో మొదట చెడునది సుమారు 4000 కంపనముల వద్ది వినికిడి, అనగా స, శ, ష లు నివసించు తావు. పోయిన ఆ వినికిడి తిరిగి రాదు. పాట ఆగిన పిదప చెవిలో గుయ్యిమని మ్రోగుచున్నచో ఆనాటి శబ్దము హద్దు దాటినదే. మన దేశమున 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా విధించినవి. ప్రక్కింటివారికిని చెవులు కలవుగదా.

తల్లిదండ్రులు చేయదగిన పరీక్ష యొకటి కలదు. తెలుగు గద్యమో పద్యమో స్పష్టముగా చదివిన ముద్రణమును ఇంట నిత్యము వినునంత శబ్దమున వినిపించి, పిల్లవానిచే వ్రాయింపుడు. మరునాడు అంతే నిడివి గల వేరొక భాగమును మూడవవంతు తగ్గించి వినిపించి వ్రాయింపుడు. మొదటినాడు స, శ, ష లును ఒత్తక్షరములును ఎక్కువగా తారుమారై, రెండవనాడు సరిపడినచో లోపము యంత్రమునదో గదిదో యనుకొనవచ్చును. రెండునాళ్లును ఒకే తీరున తప్పినచో, పదములనే సరిగా నేర్వలేదో, వినికిడియే తగ్గినదో చూడవలెను. ఇంటివారు ఎదుట కూర్చుండి మెల్లగా పలికిన మాటలను కూడ అట్లే తప్పుగా వ్రాసినచో చెవి వైద్యునికి చూపుట మంచిది.

ఇన్ని పరీక్షలకును లొంగక దోషము ఆంప్లిఫయరునందే యని తేలినచో దాని మూత విప్పకుడు. విద్యుత్తు తీగ ఊడదీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. మరమ్మతుచేయువానికి ఇచ్చునప్పుడు ఒక కాగితము మీద ఇంత వ్రాసి యిండు: ఏ ప్రక్క స్పీకరు, తీగలు మార్చినప్పుడు దోషము మారినదా, మంద్రపు మీట దించినప్పుడు తగ్గినదా, ఏ వేళ హెచ్చు, ఏ పాటలో, మీట ఎక్కడ నుండగా మొదలైనది. ఆ కాగితము చేతనుండగా అతడు గంటలో తేల్చును. "సరిగా పాడుటలేదు" అని మాత్రము చెప్పి పోయినచో అతడును వెదకుచుండవలసినదే, మనమును కూలి యిచ్చుచుండవలసినదే.